చెట్టు కూల్చువానికి ప్రయోగాధికారము కలదా?

కుమ్మరి పని నేర్చుకొనునప్పుడు కుండలు వంకర పోవును. ఆ మన్ను మరల సారె కెక్కును. సాలెవాని నూలు తెగినచో ముడి వేయవచ్చును. వంటలో ఉప్పు మించినచో ఆ పూటకు మాత్రమే నష్టము. తప్పు చేయుట, దానిని గుర్తించుట, మరల చేయుట అను మూడు మెట్ల మీదుగానే ఏ విద్యయైనను మనుష్యునకు పట్టువడును. మహావృక్షమును కూల్చు పనిలో మాత్రము మూడవ మెట్టు లేదు. నూరేండ్ల చెట్టు ఒక్కసారియే పడును. అది పడుటకు పట్టు కాలము కొన్ని క్షణములు. ఆ క్షణములలో మొదటి దగ్గర రంపముతో నిలిచినవాడొకడు, మోకు పట్టినవాడు మరియొకడు, దారిన పోవుచు తల యెత్తి చూచువాడు ఇంకొకడు. అట్టి చోట "ఈసారి వేరు విధముగా కోసి చూతము" అనుకొనుటకు పనివానికి అధికారము కలదా? కలదన్నచో ఎంతమేరకు?

ఇది అడవిపనివారికి మాత్రమే సంబంధించిన ప్రశ్న యని త్రోసివేయరాదు. క్రొత్త శస్త్రచికిత్స చేయు వైద్యునికిని, క్రొత్త రీతి వంతెన కట్టువానికిని ఇదియే ప్రశ్న. కాని వారి విషయమున పట్టములు, సభలు, గ్రంథములు అడ్డు నిలిచి ప్రశ్నను కొంత మరుగుపరచును. చెట్టు క్రింద అట్టి మరుగేమియు లేదు.

ముందుగా పని స్వరూపమును కొంత తెలిసికొనవలెను. చెట్టు ఎటు పడవలెనో ఆ వైపున మొదట ఒక గంటు తీయుదురు. అది నోరు తెరచినట్లుండును. దాని లోతు సాధారణముగా మాను అడ్డుకొలతలో అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు ఉండును. కొందరు మూడవ వంతు వరకు పోవుదురు. పిమ్మట వెనుక వైపునుండి కోయుదురు. ఈ రెండు కోతలు కలిసికొనరాదు. నడుమ ఒక పట్టీ కొయ్య తెగక నిలువవలెను. తలుపునకు కీలు ఎట్టిదో చెట్టునకు ఆ పట్టీ అట్టిది. దాని మందము మాను అడ్డుకొలతలో పదియవ వంతు ఉండవలెనని శిక్షకులు చెప్పుదురు. అనగా 30 అంగుళముల మానుకు 3 అంగుళముల కొయ్య. టన్నులకొలది బరువు గల చెట్టును ఇటు అటు పోనీయక నేలవరకు దించునది ఆ 3 అంగుళములే. అది పలుచనైనచో చెట్టు తన యిష్టము వచ్చిన వైపునకు తిరుగును. మందమైనచో కదలదు, లేక చీలును. అది సమముగా లేనిచో మందముగానున్న వైపునకు చెట్టు లాగబడును.

ముందు గంటు విషయమునను మార్పులు వచ్చినవి. పూర్వము 45 డిగ్రీల నోరు చాలునని యెంచెడివారు. అట్టి నోరు చెట్టు సగము వాలగానే మూసికొనిపోవును. మూసికొనగానే కీలు తెగును. అచ్చటినుండి చెట్టునకు పగ్గము లేదు. 70 డిగ్రీలు గాని అంతకు మించి గాని నోరు తెరచినచో చెట్టు నేలను సమీపించు వరకు కీలు పట్టు విడువదు. నేడు ఇంత తేలికగా కనబడు ఈ సంగతి ఎవరో ఒకరు పాత కొలతను మీరి కోసి చూచినందున తెలిసినది. ఈ మాట గుర్తుంచుకొనవలెను.

గట్టి కొయ్య చెట్లలో మరియొక అపాయము గలదు. నిలువు పేటు గల కొయ్య, ముందునకు బాగుగ వాలిన మాను, ఈ రెండును కలిసినప్పుడు వెనుకనుండి నిదానముగ కోయుచు పోయినచో, తెగని భాగముపై వంపు భారమంతయు పడును. అది తెగుటకు ముందే నిలువునా చీలును. చీలిక మానువెంట పైకి పాకును. వెనుక చెక్క నింగికి లేచి, కోయువాని వైపునకు తన్నును. పాశ్చాత్య దేశములలో యాష్ అను వృక్షము ఇందులకు పేరుపడినది. అచ్చటి పనివారు దీనిని "మంగలి కుర్చీ" అని పిలుతురు. నిలువు చెక్క కుర్చీ వీపువలె నిలుచుటచే ఆ పేరు వచ్చినది. పేరు హాస్యముగా నున్నది గాని, దాని యెదుట నిలిచినవానికి తప్పించుకొను వ్యవధి దాదాపు ఉండదు. పైగా మానులో మిక్కిలి విలువగల మొదటి దుంగ పనికిరాక పోవును.

దీనికి కనిపెట్టిన ఉపాయము విచిత్రమైనది. వెనుకనుండి కోయుటకు మారుగా, గొలుసు రంపపు ముక్కును ప్రక్కనుండి మాను నడుమకు నేరుగా గ్రుచ్చుదురు. కీలును లోపలనుండియే ఏర్పరచి, అచ్చటినుండి వెనుకకు కోయుచు వచ్చి, వెనుక అంచున కొంత కొయ్యను కట్టుత్రాడువలె విడిచిపెట్టుదురు. ఇంతవరకు చెట్టు కదలదు. పనివాడు కీలును సరిచూచుకొని, చీలలు దిగగొట్టి, నలుదెసలు పరికించి, చివరకు ఆ వెనుక కట్టును తెగగోసి తాను నిర్ణయించుకొన్న దారిన తొలగిపోవును. చెట్టు పడు క్షణమును చెట్టు కాక మనుష్యుడు నిర్ణయించుట ఇందలి విశేషము. స్వీడను దేశస్థుడు సోరెన్ ఎరిక్సన్ ఈ గ్రుచ్చుకోతను, తెరచిన నోటి గంటును కలిపి పాఠముగా బోధించి అమెరికాలో ప్రచారమునకు తెచ్చెను.

విచిత్రమెందుకనగా, రంపపు ముక్కును కొయ్యకు తాకనీయరాదని ప్రతి నేర్చుకొనువానికి మొదట చెప్పుదురు. ముక్కు పైభాగము కొయ్యకు తగిలినచో రంపము తృటిలో ఎగిరి పట్టుకొన్నవాని ముఖము మీదికి వచ్చును. ముక్కు క్రింది భాగముతో మొదలుపెట్టి మెల్లగ త్రిప్పుచు లోనికి దింపుటయే దీనిలోని కిటుకు. కావున నేటి రక్షణోపాయము నిన్నటి నిషేధము యొక్క నడుమనుండి పుట్టినది. నిషేధమును ఎవ్వరును దాటకూడదన్నచో ఈ ఉపాయము ఉండెడిది కాదు. అందరును దాటవచ్చునన్నచో ఎందరు ముఖములు పోగొట్టుకొందురో చెప్పనక్కరలేదు. ధర్మసంకటము ఇచ్చటనే యున్నది.

ఈ సందర్భమున పంచతంత్రమందలి కోతి కథ తలపునకు రాక మానదు. దేవాలయము కట్టుచోట వడ్రంగులు మద్దిదుంగను సగము చీల్చి, చీలికలో చండ్రకొయ్య చీలను దిగగొట్టి, మధ్యాహ్నభోజనమునకు పోయిరి. కోతి వచ్చి దుంగపై కూర్చుండి, చీలను ఊడబెరికి, చీలిక మూసికొనగా నలిగి చచ్చినది. తనకు సంబంధము లేని పనిలో చేయి పెట్టరాదని ఈ కథకు నీతి చెప్పుట సంప్రదాయము. కొలువులో బ్రతుకు సేవకునకు ఆ నీతి పనికివచ్చునేమో గాని, కథలోని కొయ్య మాత్రము వేరొక సంగతి చెప్పుచున్నది. కోతి దోషము కుతూహలము కాదు. చీల ఏ బలమును ఆపుచున్నదో దానికి తెలియదు. ఆ బలము విడివడినచో తన దేహము ఎచ్చట నున్నదో చూచుకొనలేదు. ఇవి రెండును తెలిసికొని, దుంగ దిగి, దూరమునుండి మోకుతో చీలను లాగియున్నచో అదే కోతి కొయ్య స్వభావమును గూర్చి ఒక సత్యమును కనుగొనియుండెడిది. వడ్రంగుల విషయము కథకుడు ప్రస్తావింపలేదు. బిగువులో నున్న దుంగను కావలి లేక విడిచి భోజనమునకు పోయినవారికి దోషములో పాలు లేదా?

కావున ప్రయోగము తప్పా ఒప్పా అని గాక, ప్రయోగము జరుగునప్పుడు ఎవరెచ్చట నున్నారు అని మొదట అడుగవలెను. అడవిపనికి సంబంధించిన నియమములలో, కూల్చుచున్న చెట్టునుండి ఇతరులు కనీసము రెండు చెట్ల పొడవు దూరమున నుండవలెనని యున్నది. చెట్టు 80 అడుగులైనచో 160 అడుగులు. కోయువాడు చెట్టు పడు దిశకు నేరుగా వెనుకకు గాక, వెనుక మూలగా తొలగిపోవుటకు ముందే దారి శుభ్రము చేసికొనవలెను. ఇవి కొలతలవలె కనబడు ధర్మములు. 160 అడుగుల లోపల మరియొక మనుష్యుడు లేనప్పుడు పనివాడు పణముగా పెట్టునది తన ప్రాణమును మాత్రమే. అదియు పూర్తిగా తనది కాదు. ఇంటివద్ద అతని రాకకై చూచువారికి అందులో భాగము గలదు. అయినను, ఆ వలయములో మరియొకడు నిలిచిన మరుక్షణమున ప్రశ్న పూర్తిగా మారిపోవును.

"వానికి చెప్పియే చేయుచున్నాము, వాడు ఒప్పుకొనినాడు" అని కొందరందురు. ఈ ఒప్పుకోలును పరీక్షింపవలెను. రోజుకూలికి వచ్చినవాడు, మోకు పట్టుమన్నచో పట్టును. పట్టనన్నచో రేపు పిలువరని వానికి తెలియును. తెలియనివాని మౌనము, నోరులేనివాని తలయూపు సమ్మతి కాజాలవు. కోయబోవు విధము క్రొత్తదని వానికి అర్థమగు మాటలలో చెప్పి, కాదనుటకు చోటిచ్చి, కాదన్నను ఆనాటి కూలి యిచ్చినప్పుడే వాని ఒప్పుకోలునకు విలువ. ఇంత చేయు గుత్తేదారులు ఎందరున్నారను మాట వేరు. అట్లు చేయజాలనివాడు తెలిసిన కోతనే కోయవలెను. పొడవైన మోకు తెచ్చి పట్టువానిని దూరముగ నిలుపవలెను.

ఇచ్చట మరియొక సంగతి గలదు. "మేము ప్రయోగములు చేయము, తాతలనాటి రీతినే నరుకుదుము" అనువారు నిజముగ ప్రయోగములు చేయనివారేనా? మొద్దుబారిన రంపము, చీలలు లేని పని, పొద్దు వాలిన పిమ్మట తొందర, గాలి లేచినను ఆపకపోవుట, పైన విరిగి వ్రేలాడు ఎండుకొమ్మను చూచియు చూడనట్లుండుట, ఇవియన్నియు ప్రయోగములే. ఫలితమును పరిశీలింపని ప్రయోగములు. బ్రదికినచో పద్ధతి మంచిదందురు, చచ్చినచో విధి యందురు. తెలిసి చేయు ప్రయోగముకన్న తెలియక చేయు ఈ ప్రయోగములే ఎక్కువమందిని పొట్టను బెట్టుకొనుచున్నవని చెప్పుట సాహసము కాదు. నియమములు, శిక్షణ, యంత్రములు సమృద్ధిగ నున్న అమెరికాలోనే 2022లో కొయ్యకోత పనివారిలో లక్షకు 100కి పైగా పనిలో మరణించిరి. అన్ని వృత్తులును కలిపి చూచినచో ఆ యేట లక్షకు 3.7 మాత్రమే. లెక్క వ్రాసికొను దేశములో సంగతి యిది.

తెలిసి చేయు ప్రయోగమునకు తగిన చోటు నిలుచున్న చెట్టు కాదు. గ్రుచ్చుకోత నేర్చుకొనువాడు పడియున్న దుంగపై, లేదా కూల్చిన చెట్టు యొక్క ఎత్తైన మొద్దుపై ఎన్నిమారులైనను అభ్యసింపవచ్చును. అచ్చట పడుటకు ఏమియు లేదు. మూడవ మెట్టు లేదని మొదట అనుకొన్న పనిలోనే ఈ విధముగ మూడవ మెట్టు దొరకును. పిమ్మట చిన్న చెట్టు, నిటారుగా నిలిచినది, ఖాళీ స్థలములోనిది. ఒకమారు ఒక మార్పు మాత్రమే చేయవలెను. నోటి కోణము, కీలు మందము, కోత వరుస అన్నియు ఒక్కమారే మార్చినవానికి, చెట్టు అనుకొన్న చోట పడినను, ఎందుచేత పడినదో తెలియదు. చెట్టు పడిన తరువాత మొద్దును చదువుట మరియొక పాఠము. కీలు రెండు కొనలును సమముగా నున్నవా, నారలు లాగబడినవా తెగినవా, గంటు కోతలు రెండును ఒక గీతవద్దనే ఆగినవా లేక ఒకటి మరియొకదానిని దాటినదా అని చూడవలెను. మొద్దు అబద్ధమాడదు. పెక్కుమంది దానివైపు తిరిగియైన చూడక, కొమ్మలు కొట్టుటకు పోవుదురు. మంచి పనివాడు చెట్టు పడవలసిన చోట ముందుగ ఒక మేకు పాతి, పడినపిదప ఎంత తప్పెనో కొలిచికొనును. పోటీలలోను ఈ విధముననే పరీక్షింతురు.

ఇంత నేర్చినవానికిని చెట్టు క్రొత్త ప్రశ్న వేయగలదు. 2002లో అమెరికాలోని మిచిగన్ ప్రాంతమున యాష్ చెట్లను తొలుచు పచ్చని పురుగు బయటపడినది. 2012లో బ్రిటనులో ఆ జాతి చెట్లకే బూజుతెగులు కనబడినది. ఈ రెంటివలన చెట్లు నిలువుననే చచ్చుచున్నవి. చచ్చిన యాష్ కొయ్య పెళుసుబారును. పచ్చి మానులో వంగి పట్టుకొనవలసిన కీలు అందులో ఫెళ్ళున విరుగును. చీల కొట్టిన అదటుకే పైకొమ్మలు రాలును. జీవితకాలమంతయు సరిగా పనిచేసిన కొలతలు అచ్చట మోసగించును. మన చింతచెట్ల సంగతియు ఇట్టిదే. వయసు మీరిన చింత బయటికి ఏనుగువలె నుండి లోపల తొఱ్ఱయై యుండును. కీలునకు చేవ లేదు, మిగిలినది అంచు మాత్రమే. పాత పనివారు గొడ్డలి మడమతో మానుచుట్టును కొట్టి శబ్దము వినుట ఇందుకే. నియమము తెలిసినవానికి కూడ నియమము ఎచ్చట ఆగిపోవునో తెలియవలెను. అట్టి చెట్టును చేతిరంపముతో కూల్చకుండ యంత్రముతో దూరమునుండి దించుట, లేదా దాని జోలికే పోకుండ చుట్టును కంచె వేసి విడుచుట పిరికితనము కాదు.

చెట్టునకు ఈ విచారములో పాలు లేదా అని ఎవరైన అడుగవచ్చును. వరాహమిహిరుని బృహత్సంహితలో, ప్రతిమకై కొయ్య తెచ్చుటకు వనమున ప్రవేశించు విధిని చెప్పు అధ్యాయము గలదు. ముందురాత్రి చెట్టును పూజించి, అందు వసించు భూతములను వేరొక చోటికి పొమ్మని వేడుకొని, ఉదయమున తేనె, నేయి పూసిన గొడ్డలితో ఈశాన్య దిశను మొదటి దెబ్బ వేయవలెనట. చెట్టు తూర్పునకో, ఈశాన్యమునకో, ఉత్తరమునకో పడుట శుభము. దీనిని మూఢవిశ్వాసమని నవ్వువారు నవ్వవచ్చును. కాని మొదటి గంటు పడిన వైపునకే చెట్టు పడుట శుభమని చెప్పుటలో గొడ్డలిపట్టినవాని అనుభవము దాగియున్నదని యూహించుట అసంగతము కాదు. ఆ పూజ వలన సిద్ధించు మరియొక లాభము స్పష్టము. ఒక రాత్రి యాలస్యము జరుగును. పనివాడు చెట్టుచుట్టును తిరిగి, పైకి చూచి, ఏ గూడు, ఏ పట్టు, ఏ ఎండుకొమ్మ ఉన్నదో గమనించును. క్షమాపణ కోరినవాడు తొందరపడి నరుకడు.

బ్రిటిషు పాలనలో బర్మా అడవులందు టేకుచెట్టు మొదట చుట్టును బెరడును, పైకొయ్యను వలయముగా నరికి, సుమారు మూడేండ్లు అట్లే నిలువున ఎండనిచ్చిన పిమ్మట కూల్చెడివారు. పచ్చిటేకు నీట తేలదు, ఎండినది తేలును, దుంగలను నదులవెంట రంగూనునకు దింపవలసియుండెను. కోస్తా జిల్లాలలోని పాత మండువాయిండ్ల ద్వారబంధములలో ఆ కొయ్య కొంత నేటికిని నిలిచియున్నది. ఇది కరుణతో చేసినది కాదు, వ్యాపారముకొరకు చేసినది. అయినను, ఎంతటి తొందర గల వ్యాపారమైనను కొయ్య స్వభావము ముందు మూడేండ్లు ఆగవలసివచ్చినది.

చెట్టును చెడగొట్టి కూల్చుట దానిని రెండుమారులు చంపుట. సక్రమముగ పడిన మాను దూలమగును, గడపయగును, నాగలియగును. మంగలి కుర్చీగా చీలిన మాను కట్టెల మోపగును. ప్రాణరక్షణకు ఏ కోత మంచిదో కొయ్య గౌరవమునకును తరచు ఆ కోతయే మంచిదగుట ఈ వృత్తిలోని ఒక విశేషము.

మన వారిలో చెట్టు నరుకువానిని "కూలి" యనుట తప్ప విద్యావంతుడనుట లేదు. కట్టెలమోపు అమ్మి జీవించిన మోళిగ మారయ్యను శరణులలో నొక్కనిగా తలచు సంప్రదాయమునకు ఈ చిన్నచూపు తగదు. కాయకము గౌరవనీయమన్నప్పుడు దానిని నేర్పుటయు గౌరవనీయమే కావలెను. బ్రిటనులో మోటారు రంపముతో వృత్తిగా పనిచేయువానికి శిక్షణ తప్పనిసరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో అడవిపనులలో రక్షణను గూర్చి ఒక నియమావళినే ప్రకటించినది. మన యొద్ద 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెట్టు నరుకుటకు అనుమతి కావలెనన్నది, మంచిదే. కాని అనుమతి వేరు, నేర్పు వేరు. అనుమతి పత్రము చేతికి వచ్చిన మరునాడు, అద్దె రంపముతో, తలకు తుండుగుడ్డతో, చెప్పులు లేని కాళ్ళతో ఒక యువకుడు నూరేండ్ల చింత క్రింద నిలుచుట పల్లెలలో అరుదైన దృశ్యము కాదు. వానిని "ప్రయోగములు చేయకుము" అని మందలించువారు, చేయవలసిన దానిని వానికి ఎవ్వరును నేర్పలేదను సంగతిని మరతురు.

ఇక మిగిలినది సమయ విషయము. క్రొత్త కోతను ప్రయత్నింపవలెనో వద్దో మొదటి గంటుకు ముందే నిర్ణయింపవలెను. వెనుక కోత మొదలైన పిమ్మట వెనుదిరుగుటకు వీలు లేదు. సగము తెగిన చెట్టును నిలిపి ఇంటికి పోరాదు. రాత్రి గాలికి అది ఎవరిమీద పడునో ఎవరికి తెలియును? కోత నడుమ సందేహము పుట్టినవాడు రంపమును ఆపి, దగ్గరనున్న అందరిని రెండు చెట్ల దూరమునకు పంపి, దారిపై మనుష్యులను కావలి నిలిపి, తనకు బాగుగ తెలిసిన పద్ధతిని చీలలతో దానిని దించవలెను. క్రొత్త కోతను మరునాడు అదే మొద్దుపై ప్రయత్నించి చూచుకొనవచ్చును.